పాతదాని చోట

ఆ పొద్దున ఆకాశం బియ్యం కడిగిన నీళ్ళ రంగులో ఉంది. వాన కురుస్తున్నట్టూ లేదు, ఆగినట్టూ లేదు. చాంద్రమానం లెక్కన ఐదో నెల ముసురు మా దీవిలో అలాగే ఉంటుంది. గాలిలోనే తడి ఉంటుంది. తాడు మీద ఆరేసిన బట్ట సాయంత్రానికి ఇంకా బరువెక్కుతుంది. కొండ మీది టీ తోటలు కనపడలేదు. వరిచేలలో కొంగలు మాత్రం ఉన్నాయి. మనిషి అలికిడికి లేచి పోయేవి ఆ రోజు నేను గట్టు మీద వాటి పక్కగా నడిచినా లేవలేదు. తల తిప్పి చూశాయి, అంతే.

నేను వెళ్ళేసరికి అన్న పందుల పాకలో గొంతుక్కూర్చుని ఉన్నాడు. చూడి పంది తెల్లవారేటప్పుడు ఈనింది. పిల్లలన్నీ చచ్చినవే. చచ్చిన పిల్లలు పుట్టడం మాకు కొత్త కాదు. ఇవి మాత్రం ఒక్క కొలతలో లేవు. ఒకటి బొటనవేలంత, నల్లగా ఎండి, పొగాకు చుట్టలా ఉంది. ఒకటి అరచేయంత. ఒకటి పూర్తిగా పెరిగి, ఒంటి మీద నూగుతో, నిద్రపోతున్నట్టే ఉంది. ఏదో లోపలికి వచ్చి తీరుబడిగా, కొన్నాళ్ళకొకదాన్ని ఎంచుకుంటూ పోయినట్టుంది. అన్న వాటిని చిన్నదాని నుంచి పెద్దదాని వరకు గడ్డి మీద వరసగా పెట్టాడు.

"అమ్మకి చెప్పకు," అన్నాడు. "పెద్దాయన వినే చోట చావు మాట ఎత్తకు."

పెద్దాయన అంటే పాక నడిమి గదిలో ఉండే దేవుడి పంది. మా పదిహేను ఊళ్ళకీ కలిపి ఒకటే గుడి, పూర్వం ఈ నేల కోసం పోరాడి చచ్చిన వాళ్ళది. ఏడో నెల జాతర ఏటా ఒక ఊరి వంతు. వంతు వచ్చిన ఊళ్ళో మొక్కున్న వాళ్ళు పందిని వీలైనంత బరువు పెంచి, తూకం పోటీకి పెట్టి, బలిగా గుడి ముందు నిలబెడతారు. వదిన కడుపులో గడ్డ కరిగితే పందిని ఇస్తానని మా అన్న ఆథియెన్ మొక్కుకున్నాడు. గడ్డ కరిగింది. ఆ ఏడు వంతు మాదయింది.

పెద్దాయనకు ఫ్యాన్లు ఉండేవి, దోమతెర ఉండేది. పుచ్చకాయలు, మెత్తగా ఉడికిన అన్నం ఉండలు నోటికి అందించాలి. దాని దగ్గర కసురుకోకూడదు. ఒంటి మీద గాటు పడకూడదు, సూది గుచ్చకూడదు. అది తనంతట తాను లేవలేనంత బరువు వచ్చాక, పక్క తిప్పడానికి మనిషి కావాలని, అన్న అక్కడే మంచం వేసుకున్నాడు. ఇంట్లో వాడని దోమతెర ఒకటే ఉంది. అది పంది మీదికి వెళ్ళింది.

పక్కింటి ఫాంగ్ రోజూ వచ్చి పాక గుమ్మంలో నిలబడి ఏదో ఒకటి అనేవాడు.

"పెళ్ళాం దగ్గర ఇంత శ్రద్ధ చూపించి ఉంటే ఈపాటికి ఇల్లు పిల్లలతో నిండేది కదరా ఆథియెన్."

"ఆవిడ గురక పెడుతుంది. ఈయన పెట్టడు," అనేవాడు అన్న.

వదిన వినేది. గిన్నెలు కాస్త గట్టిగా కడిగేది.

దేవుడి పందిని పెంచేవాళ్ళు మా ఊళ్ళో చేసే పని ఇంకొకటి ఉంది. పాలు మానిన పందిపిల్లల్ని తెచ్చి, చేల మీదినుంచి గాలి వచ్చే వైపు, నడిమి గదిని ఆనుకుని కడతారు. చీకటి పడుతుండగా వరిచేలలోంచి లేచే దోమ ముందు వాటి దగ్గర ఆగుతుంది. వాటి లేత చర్మం మీద కడుపు నింపుకుని ఎగరలేక గోడ పట్టుకుంటుంది. పెద్దాయన దాకా రాదు. మా తాత చేశాడు, మా నాన్న చేశాడు. అన్న కూడా కొండ అవతలి ఊరినుంచి పిల్లల్ని తెప్పించి కట్టాడు. చెప్పినట్టే పనిచేసింది. పెద్దాయన ఒంటి మీద ఒక్క దద్దురు లేదు. గోడ మాత్రం పొద్దున్నే చూస్తే ఎర్రగా, చుక్కలు చుక్కలుగా ఉండేది. అన్న మంచం ఆ గోడకీ పందిపిల్లలకీ మధ్యన ఉండేది.

*

తెంగ్ అనే అమ్మాయి పట్నంలో దోమల మీద పనిచేసేది. ఏటా ఈ కాలంలో మా వైపు పాకల్లో దోమల బోను కట్టి వెళ్తుంది. ఊళ్ళో అందరూ ఆవిడని డాక్టరమ్మ అనేవారు. కాదని ఆవిడ చెప్పీ చెప్పీ మానేసింది.

పంది ఈనిన ఆ రోజు సాయంత్రం ఆవిడ చిన్న దీపం, దాని కింద వల సంచి, పైన పొగలు కక్కే ఐసు డబ్బా వేలాడదీసింది. ఆ పొగ పైకి పోదు. డబ్బా అంచు మీంచి కిందికి కారి, నేల పట్టుకుని పాకి, పందిపిల్లల కాళ్ళ మధ్యకి వెళ్ళింది. ఎందుకమ్మా ఇది అని అన్న అడిగాడు. మనం విడిచే ఊపిరి లాంటిదేనని, దోమలు దాన్ని పట్టుకుని వస్తాయని ఆవిడ చెప్పింది.

"అంటే అక్కడ ఎవరూ లేకుండానే ఎవరో ఊపిరి విడుస్తున్నట్టు," అన్నాడు అన్న.

ఆవిడ నవ్వింది కానీ కాదనలేదు.

అప్పుడే పందిపిల్లలు తినడం ఆపాయి. తొట్టి నిండా కుడితి ఉంది. అన్నీ ఒకేసారి తల ఎత్తి, చేల వైపు తిరిగి నిలబడ్డాయి. నేనూ అటు చూశాను. గట్టు, నీళ్ళు, పచ్చగా వరి. కొంగలు కూడా లేవు. కాసేపు అలా నిలబడి, మళ్ళీ తొట్టిలోకి మూతులు దించాయి. పెద్దాయన గదిలో ఫ్యాను తిరుగుతోంది.

పందుల నెత్తురు కాస్త కావాలని ఆవిడ అడిగింది. పిల్లల్లో తీసుకోమని అన్న చెప్పాడు. పెద్దాయన మాట ఎత్తగానే తల అడ్డంగా ఊపాడు. ఆవిడ మళ్ళీ అడగలేదు. వెళ్ళేముందు అన్న మంచం చూసి, ఆ పక్కన గోడ చూసి, తెర పంది మీద కాదు మీ మీద ఉండాలి అంది. మెదడువాపుకి సూది మళ్ళీ వేయించుకోమంది. చిన్నప్పుడు బడిలో వేశారు కదా అన్నాడు అన్న. అది ఎప్పటిదో, దాని పట్టు ఈపాటికి సడలిపోయి ఉంటుందని ఆవిడ అంది. జాతర అయ్యాక వస్తానన్నాడు.

*

వరి కోతకి ముందు, ముసురు విడిచి ఎండ కాసిన పూట అన్న పడిపోయాడు.

పొద్దున తలనొప్పి అన్నాడు. మధ్యాహ్నం వెలుతురు కళ్ళలో గుచ్చుతోందని పాక కిటికీకి గోనె కట్టాడు. నేను పెద్దాయనకి అన్నం ఉండల బుట్ట తీసుకెళ్ళేసరికి మంచం అంచున కూర్చుని ఉన్నాడు. బుట్ట అందుకున్నాడు. పంది నోరు తెరిచి చూస్తోంది. అన్న ఒక్కో ఉండా తీసి నేల మీద వరసగా పెట్టడం మొదలుపెట్టాడు. చిన్నది ముందు, తర్వాత దానికన్నా కాస్త పెద్దది. నేను అన్నా అని పిలిచాను. నా వైపు తిరిగాడు. ఎవరి గొంతో విన్నట్టు తిరిగాడు. తర్వాత మెడ బిగుసుకుని, కళ్ళు పైకి పోయాయి.

పట్నం ఆసుపత్రిలో నిద్రపోయాడు. నిద్ర అనే అన్నారు అందరూ. పిలిస్తే పలకని, గిచ్చితే కదలని నిద్ర. లేస్తాడా లేవడా, లేస్తే ఎలా లేస్తాడో చెప్పలేమన్నారు. వదిన మంచం పక్కన స్టూలు మీదనుంచి కదల్లేదు. అమ్మని తీసుకెళ్ళాను. అమ్మ కాళ్ళ దగ్గర నిలబడి చాలాసేపు చూసింది. ముట్టుకోలేదు.

"ఇది నాకు తెలుసు," అంది.

నాకు ముందు ఒక అక్క ఉండేదని, చిన్నతనంలోనే పోయిందని తెలుసు. ఎలా పోయిందో అమ్మ ఎప్పుడూ చెప్పలేదు. బస్సులో వస్తూ చెప్పింది. ఇదే కాలం, ఇదే నిద్ర. పొద్దున కోడిపెట్ట వెనక పరిగెత్తిన పిల్ల సాయంత్రానికి ఎవరో తెలియకుండా అయిపోయిందట. అప్పటినుంచి ఏటా ఏడో నెలలో, చచ్చినవాళ్ళ లోకం తలుపులు తెరిచే రోజున, గట్టు చివర ఒక గిన్నె అన్నం పెడుతోందట. ఇంటివాళ్ళందరం ముంగిట్లో పెట్టేది వేరు. అది దిక్కులేకుండా చచ్చి తిరిగేవాళ్ళకి. మా వైపు అలాంటివాళ్ళని దయ్యాలని అనరు, మంచి అన్నలు అంటారు. ఈ గిన్నె మాత్రం పిల్లని తీసుకుపోయినదానికి.

"ఒకసారి తిన్నావు, చాలు. మళ్ళీ మా గడప తొక్కకు అని చెప్పి పెట్టేదాన్ని," అంది. "మాట మీద ఉంది. ఇన్నేళ్ళూ రాలేదు."

కిటికీ లోంచి చేలు పోతున్నాయి. అమ్మ వాటి వంక చూడలేదు.

"ఇప్పుడెందుకు వచ్చింది?" అంది.



*

తెంగ్ మళ్ళీ వచ్చేసరికి కోతలయ్యాయి. అమ్మ ముంగిట్లో కూర్చుని వేరుశనగ కాయలు ఒలుస్తోంది. అన్న ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. కళ్ళు తెరుస్తున్నాడని, కానీ చూపు ఎక్కడా ఆగడం లేదని వదిన కబురు పంపింది. తెంగ్ నిలబడే, తల వంచుకుని చెప్పింది. బోనులో పడ్డ దోమల్లో మెదడువాపు వైరస్ ఉంది. పందిపిల్లలన్నిటి నెత్తుటిలోనూ ఉంది. చూడి పందికైతే కడుపులోవి ఒక్కొక్కటిగా పోతాయి. పందిపిల్లకి పెద్దగా ఏమీ కాదు, కానీ దాని ఒంట్లో అది పొంగుతుంది. దాన్ని కుట్టిన దోమ తర్వాత ఎవరిని కుడితే వాళ్ళకి ఎక్కిస్తుంది. పందిపిల్లల్ని అక్కడ కట్టడం గురించి ఆవిడ ఇంకేమీ అనలేదు. పాక గోడ వైపు చూసింది. నాకు అర్థమైంది. అమ్మకీ అయిందనుకుంటాను, కాయ ఒకటి చేతిలోనే ఆగింది.

అమ్మ ఆవిడకి పీట జరిపింది.

"అమ్మాయ్, ఒక మాట చెప్పు. వెనకటికి మా పిల్లని తీసుకుపోయిందీ, ఇప్పుడు వీడి మీద కూర్చున్నదీ ఒకటేనా?"

తెంగ్ పీట మీద కూర్చుని ఆలోచించింది. ఔనని చెప్పి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.

జబ్బు ఒకటే, జబ్బు పేరూ ఒకటే, కానీ అది ఇది కాదు అంది. ఈ వైరస్ కొంగలో, దోమలో, పందిలో తనను తాను రాసుకుంటూ పోతుందట. రాసిన ప్రతిసారీ ఎక్కడో ఒక అక్షరం తప్పు పడుతుంది. చాలా తప్పులు రాసినదాన్నే చంపేస్తాయి. కొన్ని చంపవు. చంపని తప్పులు పేరుకుని పేరుకుని, వంశం చీలినట్టు చీలుతుంది. మా దీవిలో తరాలుగా ఉన్నది ఒక శాఖ. ఏటా ఎన్నో ఊళ్ళ పాకల్లో బోనులు కడుతున్నారు. కొన్నేళ్ళుగా పాత శాఖ ఎక్కడా దొరకడం లేదు. వేరే శాఖ వచ్చి దాని చోట ఉంది.

"పాతది ఏమైంది?"

"తెలీదు అమ్మమ్మా. దొరకడం లేదు. మేం చెప్పగలిగింది అంతవరకే."

"దీన్ని చూసి పారిపోయిందా?"

"పోట్లాటేమీ ఉండదు. కొత్తది పందుల్లో కాస్త తొందరగా పెరుగుతుందేమో అంటున్నారు. అలా ఉంటే చాలు. పాతదానికి చోటు ఉండదు."

కొత్తవాళ్ళు ఎవరు గడప ఎక్కినా మా వాళ్ళు అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. పూర్వీకులది ఏ ఊరు, ఏ దారిన వచ్చారు, ఎన్నో తరం. మా తాతలు కూడా సముద్రం దాటి వచ్చిన వాళ్ళే, అందుకే అడుగుతాం. అమ్మ అవే ప్రశ్నలు అడిగింది. తెంగ్ కూడా అలాగే జవాబిచ్చింది. మూలం దక్షిణాన వేడి దేశాల్లోది. అక్కడినుంచి ఉత్తరానికి పాకింది. మా దీవికి పక్షుల మీద వచ్చిందో, గాలికి కొట్టుకొచ్చిన దోమల మీద వచ్చిందో ఎవరూ చూడలేదు.

"పేరేమిటి?"

"పేరు లేదు. ఒకటో రకం అంటాం. పాతది మూడో రకం."

"వెనక వచ్చినదానికి ఒకటి, ముందున్నదానికి మూడు. చదువుకున్నవాళ్ళ లెక్క." అమ్మ నవ్వలేదు. తెంగ్ కూడా నవ్వలేదు.

తర్వాత ఆవిడ, చెప్పనా వద్దా అన్నట్టు ఆగి, ఇంకొకటి చెప్పింది. బోనులోని దోమల్లో దొరికినదానికీ, పందిపిల్లల్లో దొరికినదానికీ కూడా తేడా ఉందట. ఎక్కువేం కాదు, ఒకటో రెండో అక్షరాలు. మా పాకలో ఉండగానే మారింది.

"ఆ రాత ఇంకెక్కడా లేదు. మా దగ్గరున్న వేటితోనూ కలవలేదు. అలాంటివి చాలావరకు అక్కడే పుట్టి అక్కడే పోతాయి, భయపడకండి."

"అన్న ఒంట్లో ఉన్నది ఏది?" అన్నాను.

"చూడలేం. మనిషి నెత్తుటిలో అది ఎక్కువ కాలం నిలవదు. వచ్చి, పని చేసి, కనపడకుండా పోతుంది."

అమ్మ చాట పక్కన పెట్టింది. ఒలిచిన గింజలు ఒక పక్క, తొక్కలు ఒక పక్క. ఎండ ముంగిలి దాటి పాక చూరు మీదికి పోయింది.

"అయితే ఇన్నేళ్ళూ నేను అన్నం పెట్టింది దీనికి కాదు," అంది. "ఇది మనల్ని ఎరగదు."

తెంగ్‌కి ఆ గిన్నె సంగతి తెలియదు. నా వైపు చూసింది.

అమ్మ లేచి పాకలోకి నడిచింది. మేం వెనకే వెళ్ళాం. నడిమి గదిలో దోమతెర పక్కకి లాగి, పెద్దాయన చెవి రెండు వేళ్ళతో పట్టుకుని ఎత్తింది.

"ఇక్కడ గుచ్చు," అంది తెంగ్‌తో. "చెవి వెనక. ఎవరూ చూడరు. దీనికీ ఉందేమో తేల్చు."

మొక్కున్న పందికి సూది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. తెంగ్ సూది తీసింది. పెద్దాయన ఒక్కసారి ఒళ్ళు కదిలించి ఊరుకుంది.

దాని సంగతి కొన్నాళ్ళకి తెలిసింది. పెద్దాయనకి అది ఎప్పుడో వచ్చి పోయింది. మొదటి ఏడే, చిన్నగా ఉన్నప్పుడు, మాకెవరికీ తెలియకుండా. ఒకసారి వచ్చి పోయినదానికి మళ్ళీ రాదట. దోమతెర కట్టేనాటికే దానికి ఆ తెరతో పని లేదు.

అమ్మ విని, వదినకి చెప్పవద్దంది.

*

ఆరో నెల చివర అన్న నడిచి ఇంటికి వచ్చాడు.

నడవడం బాగానే నడిచాడు. ముఖం మాత్రం కదలదు. నవ్వు వచ్చే చోట నవ్వు రాదు, రెప్పలు ఆలస్యంగా పడతాయి. కుడిచేతి వాటం మనిషి ఎడమచేత్తో పుల్లలు పట్టి అన్నం తింటున్నాడు. తడబాటు లేకుండా, పుట్టినప్పటినుంచీ అలాగే తిన్నట్టు. ఫాంగ్ గుమ్మంలోకి వచ్చి, ఏరా గురక ఎవరు పెడుతున్నారిప్పుడు అన్నాడు. అన్న అతన్ని మర్యాదగా చూసి, కూర్చోండి అన్నాడు. ఫాంగ్ కూర్చోలేదు. మళ్ళీ చాలా రోజులు రాలేదు.

వదిన వేడినీళ్ళు తోడి పిలిస్తే లేచి వెళ్ళాడు. వచ్చి, తుండు మడత పెట్టి ఇస్తూ అన్నాడు:

"మీ ఇల్లు చల్లగా ఉందండి."

వదిన తుండు అందుకుంది. "ఆఁ, చల్లగానే ఉంటుంది," అంది. పెరట్లోకి వెళ్ళి ఆరేసి వచ్చింది. ఆ రోజుకి అంతే. తర్వాత కూడా ఆయన మీరు అంటే ఈవిడ మీరు అంటూ వచ్చింది. ఒకసారి వంటింట్లో అమ్మతో అనడం విన్నాను. ఆయన దగ్గర ఆయన వాసన రావడం లేదత్తయ్యా అని. అమ్మ పొయ్యి సర్దుతూ ఉండిపోయింది.

ఒక పూట అన్నని పాకలోకి తీసుకెళ్ళాను. పందిపిల్లలు లేవు, ఎప్పుడో పంపేశాం. గోడకి సున్నం కొట్టాను. పెద్దాయన అలికిడికి నోరు తెరిచింది. అన్న దూరంగా నిలబడి చూశాడు.

"ఎంత పెద్దదో. ఎవరిది?"

"మనదే," అన్నాను.

నమ్మినట్టు తల ఊపాడు, ఎదుటివాళ్ళ మాట కాదనడం ఎందుకన్నట్టు.

ఏడో నెల మొదలైంది. తలుపులు తెరిచే రోజున ముంగిట్లో అందరికీ బల్ల వేసి పెట్టాం. గట్టు చివరికి అమ్మ వెళ్ళలేదు. నేను చూస్తూనే ఉన్నాను. సాయంత్రం దాకా గడపలో కూర్చుని, చేలలో కొత్తగా నాటిన నారు వైపు చూసింది. అక్కడ ఎవరున్నారో, ఎవరు లేరో తెలియని మనిషిలా చూసింది. చీకటి పడకముందే లేచి కిటికీలన్నీ తనే మూసింది.

జాతర జరిగింది. పెద్దాయన తూకంలో మూడో స్థానంలో నిలిచింది. చెవి వెనక ఎవరూ చూడలేదు. తెల్లవారుతుండగా కోసే ముందు, పెంచినవాడు దాని చెవిలో ఒక మాట చెప్పాలి: వెళ్ళు, ఈసారి మంచి జన్మ ఎత్తు అని. అన్న చేతులు కట్టుకుని జనంలో నిలబడి ఉన్నాడు, వేడుక చూడడానికి వచ్చినవాడిలా. వదిన వెళ్ళి వంగి చెప్పింది. చాలాసేపు వంగే ఉంది. అంత మాట అందులో లేదు.

మాంసం చుట్టాలకి, వంతు ఊళ్ళకి పంచేశాం. మా వైపు పెంచిన ఇంటివాళ్ళు ఆ మాంసం నోట పెట్టుకోరు. ఎవరూ చెప్పి మాన్పించింది కాదు, చేత్తో అన్నం పెట్టినదాన్ని తినబుద్ధి కాదు, అంతే. మర్నాడు మధ్యాహ్నం మా నలుగురికీ వదిన వెదురు చిగుళ్ళు, సోయాగింజల పన్నీరు, చేప వండింది. వదిన పుట్టింటివాళ్ళు సంగతి తెలియకో, మరిచిపోయో, తమ వంతు మాంసం ఊరబెట్టిన ఆవకూరతో ఉడికించి ఒక పళ్ళెం పంపారు. వచ్చినదాన్ని వెనక్కి పంపలేక బల్ల మీద ఒక పక్కన పెట్టారు.

అన్న కూర్చున్నాడు. బల్ల మీదివన్నీ చూశాడు. ఎడమచెయ్యి చాచి మాంసం ముక్క తీసుకున్నాడు. నమిలాడు. కదలని ముఖంలో ఏదో కాస్త సడలింది. ఇంకో ముక్క తీసుకున్నాడు.

వదిన చేతిలో పుల్లలు ఆగిపోయాయి. పళ్ళెం అవతలికి జరపడానికి నాకు చెయ్యి రాలేదు. అన్న తల ఎత్తి మా ముగ్గురినీ చూశాడు. పరాయి ఇంట్లో ఏదో తప్పు చేశానేమో అన్న భయం ఆ కళ్ళలో మొదలవుతోంది.

అమ్మ పుల్లలు చాచి ఆ పళ్ళెంలోంచి ఒక ముక్క తీసింది. తన అన్నం మీద పెట్టుకుని తింది. అన్న అది చూసి మళ్ళీ గిన్నెలోకి తల వంచాడు. తర్వాత వదిన తీసుకుంది. తర్వాత నేను.

మాంసం మెత్తగా ఉడికింది. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా నలుగురం తిన్నాం.